బ్యాక్‌టెస్ట్‌లో బోనస్ షేర్ల బెడద

బ్యాక్‌టెస్ట్‌లో (ట్రేడింగ్ పద్ధతిని పాత ధరల మీద పరీక్షించడం) షేరు ఒక్కరోజులో సగానికి పడిపోయి, ఊరికే స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) తగిలినట్టు చూపిస్తోందా? చాలాసార్లు అది బోనసో (ఉన్న వాటాదారులకు ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్టో (ఒక షేరుని చిన్న షేర్లుగా విడగొట్టడం) అయి ఉంటుంది; షేర్ల సంఖ్య పెరిగి ధర తగ్గుతుంది తప్ప అది నిజమైన నష్టం కాదు. 2024 అక్టోబరు 28న రిలయన్స్ 1:1 బోనస్ (ఒక షేరుకి ఇంకొకటి ఉచితం) అలాంటిదే.

ఎక్సెల్‌లో ఈరోజు క్లోజ్‌ని (ముగింపు ధర) నిన్నటి క్లోజ్‌తో భాగించి, 0.7 కంటే తక్కువ వచ్చిన తేదీలను ఫిల్టర్ చేయండి. వాటిని ఎన్‌ఎస్‌ఈ సైట్‌లోని కార్పొరేట్ యాక్షన్స్‌తో (కంపెనీల బోనస్, స్ప్లిట్ లాంటి వాటి జాబితా) సరిచూసుకోండి. 1:1 బోనస్ అయితే ఆ తేదీకి ముందున్న ధరలన్నిటినీ 0.5తో, వాల్యూమ్‌ని (చేతులు మారిన షేర్ల సంఖ్య) 2తో గుణిస్తే సరి. వాల్యూమ్ సంగతి చాలామంది వదిలేస్తారు.

డీమెర్జర్‌కి (కంపెనీలో ఒక భాగం వేరే కంపెనీగా విడిపోవడం) మాత్రం ఇది పనిచేయకపోవచ్చు. 2023 జులై 20న జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు రిలయన్స్ షేరు ధర 2841.85 రూపాయల నుంచి 2580కి సర్దుకుంది. తగ్గింది 10 శాతం లోపే కాబట్టి ఫిల్టర్‌కి చిక్కదు. అలాంటి తేదీలు విడిగా వెతుక్కోవాల్సిందే.