ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించి, మళ్లీ ఎక్కించడం ఎలా?

థార్, ఫార్చునర్, స్కార్పియో-ఎన్ లాంటి బండ్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించడానికి బలం, ఓపిక ఉంటే చాలు. అసలు పని ఎక్కించేటప్పుడు ఉంటుంది. మాన్యువల్ బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) దగ్గర తడబడతాడు.

ముందు దించాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. స్కానర్ పెట్టి కోడ్‌లు చదవండి. కొంచెం ఆయిల్ తీసి వాసన చూడండి. మాడు వాసన వచ్చి నల్లబడితే లోపల క్లచ్ ప్లేట్లు కాలినట్టే. ములుగు, ఏటూరునాగారం వైపు వానాకాలంలో లోతు వాగులు దాటిన బండ్లకు ఇంకో ప్రమాదం ఉంది. బ్రీదర్ పైపు (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే పైపు) గుండా నీళ్లు పోతే ఎర్రటి ఆయిల్ రోజ్‌మిల్క్‌లా మారుతుంది. రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడినా ఇదే రంగు. నీళ్లకు ప్లేట్ల లైనింగ్ ఊడొస్తుంది కాబట్టి, ఆయిల్ మార్చి పంపిస్తే మళ్లీ మీ షెడ్డుకే వస్తుంది.

దించడం

లిఫ్ట్ ఉంటే మేలు. లేకుంటే చదును నేల మీద గట్టి స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. చక్రాలకు అడ్డు చెక్కలు తప్పనిసరి, ఎందుకంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడవాటి రాడ్డు) విప్పాక పార్క్‌లో పెట్టినా బండి ఆగదు.

బ్యాటరీ నెగటివ్ తీసి, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఆయిల్‌లు వేర్వేరుగా దించి, ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. ముందు, వెనక షాఫ్ట్‌ల ఫ్లాంజ్‌ల మీద పెయింట్‌తో గుర్తు పెట్టి విప్పండి. గుర్తు తప్పితే బండి వణుకుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కుదిరితే విడిగా దించడమే నయం. రెండూ కలిపి దించితే బరువంతా వెనక్కి లాగి, జాకీ మీద గేర్‌బాక్స్ వాలిపోతుంది. తర్వాత వైరింగ్ కప్లర్లు, గేర్ కేబుల్, కూలర్ పైపులు, స్టార్టర్ తీయండి. పైపుల మూతులకు వెంటనే క్యాపులు పెట్టండి.

స్టార్టర్ సందులోంచో, కింది కిటికీలోంచో కన్వర్టర్ బోల్టులు కనిపిస్తాయి. ముందున్న క్రాంక్ పుల్లీని పానాతో తిప్పుతూ ఒక్కొక్కటే విప్పి, కన్వర్టర్‌ను గేర్‌బాక్స్ వైపు నెట్టండి. ఇంజిన్‌కు కింద ఆధారం పెట్టి, గేర్‌బాక్స్‌ను జాకీకి గొలుసుతో కట్టి, క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ దూలం) తీయండి. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజిన్‌కు అతికే గంట ఆకారపు ముందు భాగం) బోల్టులు పొడవుల్లో తేడా ఉంటాయి, ఏది ఎక్కడిదో అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి. నేరుగా వెనక్కి జరపండి. కన్వర్టర్ జారిపడకుండా తీగతో కట్టండి.

ఎక్కించడం

ఇంజిన్ వెనక సీల్ చెమర్చినా ఇప్పుడే మార్చండి. ఫ్లెక్స్ ప్లేట్‌కు (కన్వర్టర్ బిగించే ఇంజిన్ వెనక రేకు చక్రం) పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఆయిల్ మాడిన బండిలో కూలర్ కడగకుండా ఎక్కిస్తే, ఆ చెత్తంతా బాగుచేసిన గేర్‌బాక్స్‌లోకే వస్తుంది.

ఇక కన్వర్టర్. అందులో లీటరు దాకా కొత్త ఆయిల్ పోసి, గేర్‌బాక్స్ మూతి పైకి వాల్చి, నెమ్మదిగా తిప్పుతూ నొక్కండి. అది ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లలో, స్టేటర్ (కన్వర్టర్ లోపలి చక్రం) పళ్లలో, చివరికి పంపు గేరులో కూర్చోవాలి. ఒక్కోసారి 'టక్'మని లోపలికి దిగుతుంది. మొదటి రెండు టక్‌లకే అయిపోయిందనుకుంటే కొంప మునుగుతుంది. బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి లోతు కొలిచి, బండి మాన్యువల్‌లోని కొలతతో పోల్చండి.

జాకీతో లేపి, డోవెల్ పిన్నుల (రెండు భాగాలు సరిగ్గా కలిసేలా పట్టే పిన్నులు) మీదికి చేతులతోనే నెట్టండి. అంచులు పూర్తిగా కలవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగొద్దు, పంపు పగులుతుంది. వెనక్కి తీసి కన్వర్టర్ మళ్లీ కూర్చోబెట్టండి. కలిశాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేట్‌కూ మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. అప్పుడే బోల్టులు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించండి.

మిగతావి విప్పిన వరుసకు తిరగేసి బిగించండి. కంపెనీ చెప్పిన ఆయిల్ పోసి, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి అన్ని గేర్లూ మార్చి లెవెల్ చూడండి. కొన్ని బండ్లలో ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడే చూడాలి. మే నెలలో వరంగల్‌లో మధ్యాహ్నం గాలే అంత వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ పని తెల్లవారుజామున పెట్టుకోండి. వేడి స్కానర్‌లోనే చూడండి, చేత్తో తాకి చెప్పేది కాదు. దాంతోనే పాత అడాప్టేషన్ (గేర్లు మార్చడంలో బండి కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు) కూడా రీసెట్ చేయండి.

ఫోర్ వీల్ పరీక్ష తారు రోడ్డు మీద వద్దు, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఒత్తిడి పడుతుంది. చెలకలోనో మట్టిబాట మీదో ముందు 4హెచ్ (ఫోర్ వీల్ మామూలు వేగం), ఆపి న్యూట్రల్‌లో పెట్టి 4ఎల్ (ఫోర్ వీల్ తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేసి చూడండి. తిరిగొచ్చాక బండి కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచి, పొద్దున ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూసి అప్పజెప్పండి.