రక్తదాన వైరస్ పరీక్షల్లో కంట్రోల్ చార్టు ఒక వైపుకు జరిగితే

దాతల రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వైరస్‌ల కోసం చేసే ఎలైజాలో (గుంటల్లో వచ్చే రంగును కొలిచి వైరస్ ఆనవాళ్లను పట్టే పరీక్ష) స్వల్ప పాజిటివ్ కంట్రోల్ (పరీక్ష సరిగా పనిచేస్తోందో చూడటానికి పెట్టే, కొద్దిగా మాత్రమే పాజిటివ్ అయిన తెలిసిన నమూనా) విలువలు చార్టులో సగటుకు అటూ ఇటూ పడుతూ వచ్చి, ఒక రోజు నుంచి వరసగా ఒకే వైపు పడటం మొదలైతే, చాలామంది అదే కంట్రోల్‌ను హద్దు గీత లోపలికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ పెడతారు. అలా పెడుతూ పోతే ఎప్పుడో ఒకసారి వస్తుంది గానీ, దానివల్ల తేలేది ఏమీ లేదు. ముందుగా యూనిట్ల విడుదల ఆపి, ఆ తేదీన కొత్త కిట్ లాట్ (ఒకే విడతలో తయారైన కిట్లు) విప్పారా, కొత్త కంట్రోల్ వయల్ తెరిచారా అన్నది రిజిస్టరులో చూడాలి. ఇంత సులువైన పనిని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

ఒకే ఒక్క విలువ 2 ఎస్డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) గీత దాటితే కంగారు అక్కరలేదు. ఏ లోపమూ లేకపోయినా సుమారు 22 విలువల్లో ఒకటి అలా పడుతుంది. 3 ఎస్డీ దాటితే మాత్రం ఆ రన్‌ను (ఆ విడత పరీక్షలను) నిలిపి, పిపెట్, గాలి బుడగ వంటివి చూడాలి.

అసలు చిక్కు లాట్ మార్పుతో వస్తుంది. చార్టులో మనం గుర్తించేది ఓడీని (రీడర్ కొలిచే రంగు గాఢత) కట్-ఆఫ్‌తో (పాజిటివ్‌గా లెక్కించే హద్దు, దీన్ని నెగటివ్ కంట్రోల్ విలువల నుంచి లెక్కిస్తారు) భాగించగా వచ్చిన నిష్పత్తిని. కంట్రోల్ ఓడీ 0.600, కట్-ఆఫ్ 0.200 అయితే అది 3.0. కట్-ఆఫ్ 0.240కి పెరిగినా 2.5 వస్తుంది, కట్-ఆఫ్ కదలకుండా ఓడీ 0.500కి తగ్గినా అదే 2.5 వస్తుంది. అందుకే రెండు అంకెలనూ విడివిడిగా చూడాలి. పెరిగింది కట్-ఆఫ్ అయితే నెగటివ్ కంట్రోల్ గుంటలనూ, గుంటలు కడిగే వాషర్‌నూ అనుమానించాలి. ఆ రోజు నాన్-రియాక్టివ్ (నెగటివ్) దాతల ఓడీలు కూడా మూకుమ్మడిగా పెరిగి ఉంటే కడగడంలో లోపాన్ని మరింత గట్టిగా అనుమానించాలి. తగ్గింది ఓడీ అయితే, దాతల నెగటివ్ విలువలు మామూలుగా ఉన్నాయని ఊరట పడకూడదు, ఎందుకంటే అవి బ్యాక్‌గ్రౌండ్ (వైరస్ లేకపోయినా వచ్చే రంగు) సంగతి చెబుతాయే తప్ప సున్నితత్వం (స్వల్ప పాజిటివ్‌లను పట్టే శక్తి) సంగతి చెప్పవు. కిట్‌తో వచ్చిన కంట్రోళ్లు నెగ్గడం కూడా చాలదు. అవి ఆ కిట్‌తోపాటే మారుతుంటాయి.

అప్పుడు చేయవలసింది, భద్రపరచిన స్వల్ప పాజిటివ్ నమూనాలను పాత, కొత్త లాట్లతో పక్కపక్కన పరీక్షించడం. అవి కూడా తగ్గితే ఆ లాట్‌ను పక్కన పెట్టి తయారీదారుకు తెలపాలి. కంట్రోల్ ఒక్కటే తగ్గితే లోపం బహుశా మనం వేసుకున్న హద్దు గీతల్లోనే ఉంటుంది: ఒకే లాట్‌తో వచ్చిన మొదటి 20 విలువల నుంచి లెక్కించిన ఎస్డీలో లాట్ల మధ్య తేడాకు చోటు ఉండదు కాబట్టి, ఆ గీతలు అవసరానికి మించి ఇరుకుగా ఉంటాయి. పలు లాట్ల విలువలు కలిపి హద్దులు వేయాలి. ప్రతి లాట్‌కూ సగటును కొత్తగా మొదలుపెట్టడం మాత్రం ప్రమాదకరం. లాట్ లాట్‌కూ కొంచెం కొంచెం జారుతున్న సున్నితత్వం ఆ చార్టులో ఎన్నటికీ కనబడదు. పాత లాట్ అయిపోకముందే కొత్తదాన్ని దానితో పోల్చి చూసే చోట ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

లాట్ మారకుండానే విలువలు రోజురోజుకూ మెల్లగా దిగుతుంటే, తెరిచి ఉంచిన కంట్రోల్ పాడవుతుండవచ్చు, కొత్త వయల్ తీసి చూడండి. ఇన్క్యుబేటర్ ఉష్ణోగ్రత, రీడర్ దీపం కూడా కారణం కావచ్చు, వాటినీ చూడాలి.