నొక్కినా స్లైడు కదలడం లేదా? తప్పు రిమోట్‌ది కాకపోవచ్చు

వేదిక మీద స్లైడు కదలకపోతే దాదాపు అందరూ చేసే పని ఒకటే. చేతిలోని ప్రెజెంటర్, అంటే స్లైడ్లు జరిపే వైర్‌లెస్ రిమోట్, బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కుతారు. అప్పటికీ కదలకపోతే చెయ్యి చాచి రిమోట్‌ను తెర వైపు గురిపెడతారు. ఇది టీవీ రిమోట్ కాదండీ. సంకేతం తెరకు వెళ్లదు. కంప్యూటర్‌కు గుచ్చిన గోరంత రిసీవర్‌కు వెళ్తుంది. అది ఎక్కడ ఉందో, దాని పక్కన ఏముందో చూసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

బ్యాటరీ వేశారా, స్విచ్ ఆన్ చేశారా అని ఇక్కడ అడగడం లేదు. అవి చూసే ఉంటారు. అయితే లేజర్ వెలుగుతోంది కాబట్టి రిమోట్ బాగానే ఉందనుకోకండి. లేజర్‌కు కావలసింది బ్యాటరీ ఒక్కటే. సంకేతం పంపే రేడియో సంగతి వేరు.

ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి

కంప్యూటర్ దృష్టిలో ప్రెజెంటర్ అంటే నాలుగైదు కీలున్న చిన్న కీబోర్డు, అంతే. ముందుకు జరిపే బటన్ సాధారణంగా పేజ్ డౌన్ కీని పంపుతుంది, వెనక్కి జరిపేది పేజ్ అప్‌ను. ప్రదర్శన మొదలుపెట్టే బటన్ ఎఫ్5. తెరను నల్లగా చేసేది చాలా రిమోట్లలో 'బి' అక్షరం లేదా ఫుల్‌స్టాప్.

కాబట్టి స్లైడ్లను పక్కన పెట్టి, పది పేజీల డాక్యుమెంట్ ఏదైనా తెరిచి రిమోట్ నొక్కండి. పేజీ కదిలితే రిమోట్, రిసీవర్, బ్యాటరీ అన్నీ బాగున్నట్టే. కదలకపోతే సంకేతం చేరడం లేదు. అర నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా కొత్త రిమోట్ కొన్నవాళ్లను లెక్కపెట్టడం నేను మానేశాను.

డాక్యుమెంట్ కదులుతోంది, స్లైడు కదలడం లేదు

కీ చేరుతోంది, కానీ వేరే విండోకు చేరుతోంది. ఏదో నోటిఫికేషన్ వచ్చి ఉంటుంది, లేదా వీడియో కాల్ విండో ముందుకు వచ్చి ఉంటుంది, లేదా మీరే రెండో తెర మీద నోట్స్ సరిచేసి అక్కడే వదిలేసి ఉంటారు. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి స్లైడ్ షోకు తిరిగి వెళ్తే చాలు. తెరను నల్లగా చేద్దామని ఒకాయన బటన్ నొక్కితే, చాట్‌లో వరుసగా 'బి'లు పడుతూ పోయాయి. పాపం, ఆయన చాలా సేపటి వరకు గమనించలేదు.

ప్రారంభ బటన్ ఒక్కటే పనిచేయకపోతే మీరు వాడుతున్న ప్రోగ్రామ్‌ను చూడండి. పవర్‌పాయింట్‌లో, లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో ఎఫ్5 ప్రదర్శనను మొదలుపెడుతుంది. బ్రౌజర్‌లో అదే కీ పేజీని మళ్లీ లోడ్ చేస్తుంది. పీడీఎఫ్‌నైతే ముందే పూర్తి తెరకు తెచ్చి, ఒక్కో పేజీ కనిపించేలా పెట్టుకోండి. లేకపోతే ఒక్కో నొక్కుకు సగం పేజీ జరుగుతూ మీ సహనాన్ని పరీక్షిస్తుంది.

మౌస్‌గా కూడా పనిచేసే రకమైతే, అది ఇప్పుడు మౌస్ పద్ధతిలో ఉందేమో చూడండి. ఆ పద్ధతిలో కొన్నింటి బటన్లు పేజ్ డౌన్‌కు బదులు క్లిక్‌ను పంపుతాయి.

ఏదీ కదలడం లేదు

ఆ రిసీవర్ ఆ రిమోట్‌దేనా? చాలా ప్రెజెంటర్లలో రిమోట్, రిసీవర్ ఒకదానికొకటి జతకట్టి వస్తాయి. ఒకే మోడల్‌వి రెండు ఒకే సొరుగులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తారుమారవుతాయి. రెండింటి మీదా ఒకే అంకె రాసి పెట్టుకోండి. బ్లూటూత్ రకమైతే కాసేపు వాడకపోతే నిద్రపోతుంది. మొదటి నొక్కు దాన్ని లేపడానికే సరిపోతుంది.

దగ్గర పనిచేస్తుంది, నాలుగు అడుగులు వేస్తే ఆగిపోతుంది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. లక్షణాలు గుర్తుపెట్టుకోండి: ఇంట్లో సాధన చేసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. సభలో మూడు నొక్కులకు ఒకటి అందుతుంది. ల్యాప్‌టాప్ పక్కన నిలబడితే బాగుంటుంది, వేదిక మధ్యకు వెళ్తే పోతుంది. డబ్బా మీద 10 మీటర్లనో 30 మీటర్లనో రాసి ఉంటుంది, చేతిలో మాత్రం రెండు మీటర్లు కూడా రాదు.

మొదటిసారి ఇది ఎదురైనప్పుడు బ్యాటరీ మార్చాను. తర్వాత రిమోట్ మార్చాను. మూడో రిమోట్ తెప్పించాను. మూడూ అంతే. వక్త చివరికి ల్యాప్‌టాప్ పక్కనే నిలబడి, కీబోర్డు నొక్కుకుంటూ ప్రసంగం ముగించారు. సభ అయ్యాక సామాను సర్దుతూ, రికార్డింగ్ కోసం పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను ముందుగా పీకాను. చేతిలో ఉన్న రిమోట్‌ను ఊరికే నొక్కితే స్లైడు కదిలింది. నడుచుకుంటూ చివరి వరుస దాకా వెళ్లాను, అక్కడి నుంచి కూడా కదిలింది. డిస్క్ మళ్లీ గుచ్చితే ఆగిపోయింది.

కారణం యూఎస్‌బీ 3, అంటే ఇలాంటి డిస్క్‌లు వాడే వేగవంతమైన యూఎస్‌బీ రకం. అది సెకనుకు కనీసం 5 గిగాబిట్ల వేగంతో డేటాను పంపుతుంది. ఆ క్రమంలో కనెక్టర్ నుంచి, కేబుల్ నుంచి, గుచ్చిన పరికరం నుంచి కొంత రేడియో రొద బయటికి వస్తుంది. ఆ రొద విస్తరించే పౌనఃపున్యాల్లో 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం కూడా ఉంది. మన రిమోట్ మాట్లాడేది సరిగ్గా అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక సాంకేతిక పత్రం ప్రచురించింది, కాబట్టి ఇది నా ఊహ కాదు. రిమోట్ పంపేది బలహీనమైన సంకేతం. రిసీవర్ చెవి పక్కనే ఎవరో డప్పు కొడుతుంటే దూరంగా ఉన్న మీ గుసగుస దానికి వినబడదు. మీరు దగ్గరికి వస్తే వినబడుతుంది. దగ్గర పనిచేసి దూరం నుంచి పనిచేయకపోవడానికి అదే కారణం. ఫైళ్లు కాపీ అవుతుంటేనే ఇలా జరుగుతుందని లేదు. డిస్క్ గుచ్చి ఉంటే చాలు.

ఇప్పుడు ఇది మరీ ఎక్కువైంది. పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి యూఎస్‌బీ పోర్టులంటే టైప్-సి పోర్టులే ఉంటాయి. అందుకని ఒక పోర్టును చాలా పోర్టులుగా మార్చే చిన్న హబ్ తగిలించి, దానికే ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ, దానికే పెన్‌డ్రైవ్, దానికే మన రిసీవర్ గుచ్చుతారు. వేలెడంత దూరంలో అన్నీ ఒకే చోట! సాధన చేసేటప్పుడు హబ్‌కు వేరేవేమీ తగిలించి ఉండవు కాబట్టి ఇంట్లో బయటపడదు.

పరిష్కారం సులభం. స్లైడ్ల ఫైలును ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ తీసేయండి. హార్డ్ డిస్క్ తప్పనిసరైతే రిసీవర్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చండి. అన్నిటికంటే మంచిది, ఒక మీటరు సాధారణ యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్. రిసీవర్‌ను దాని చివర గుచ్చి, హబ్‌కు దూరంగా, మీకు ఎదురుగా కనిపించేలా బల్ల అంచున పెట్టండి. నా సంచిలో ఇలాంటివి రెండు ఎప్పుడూ ఉంటాయి. రిమోట్ మరిచిపోయి వెళ్లిన రోజులున్నాయి కానీ ఈ కేబుల్‌ను మరిచిపోలేదు.

ఈ కేబుల్‌తో ఇంకో లాభం ఉంది. ల్యాప్‌టాప్‌ను ఇనుప పోడియం లోపల దాచినా, రిసీవర్ వెనక వైపు ఉన్నా, మధ్యలో మనిషి నిలబడినా సంకేతం తగ్గుతుంది. ఈ తరంగాలను లోహం అడ్డుకుంటుంది, మన శరీరంలోని నీరు పీల్చుకుంటుంది. రిసీవర్ బయటికి వస్తే ఆ గొడవలు కూడా చాలావరకు తీరతాయి.

బ్లూటూత్ రిమోట్ కొంటే తప్పించుకోవచ్చని అనుకోకండి. అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. పైగా దాని యాంటెన్నా ల్యాప్‌టాప్ లోపల ఉంటుంది, కేబుల్‌తో జరపడానికి వీలుండదు. అందుకే కొనే ముందు నన్ను అడిగితే విడి రిసీవర్ ఉన్నదే కొనమంటాను.

లేజర్ చుక్క కనిపించడం లేదు

ప్రొజెక్టర్ తెర మీద కనిపించి పెద్ద టీవీ మీద కనిపించకపోతే అది లోపం కాదు. ఆ ప్యానెల్ లేజర్ కాంతిని తెల్లటి తెరలా అన్ని వైపులకూ వెదజల్లదు. ఎరుపు కంటే ఆకుపచ్చ చుక్క మన కంటికి ప్రకాశవంతంగా తోస్తుంది, కానీ టీవీ మీద దానితోనూ పెద్ద ఉపయోగం ఉండదు. వీడియో కాల్‌లో ఉన్నవారికి ఏ రంగు చుక్కా కనిపించదు. వీటికి తెర మీదే గుర్తును కదిలించే రకం కావాలి. అది లేకపోతే పవర్‌పాయింట్ స్లైడ్ షోలో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే మౌస్ గుర్తు ఎర్రటి చుక్కగా మారుతుంది.

గాలిలో తిప్పే మౌస్ గుర్తు దానంతట అదే పక్కకు జారుతుంటే కదలికను పసిగట్టే లోపలి జైరోస్కోప్‌ను తిరిగి సరిచేయాలి. బల్ల మీద కదలకుండా కొన్ని సెకన్లు ఉంచితే చాలావాటికి సరిపోతుంది.

ఒక్క నొక్కుకు రెండు స్లైడ్లు దూకితే బటన్ అరిగిపోయింది, రిమోట్ మార్చేయండి. డ్రైవర్ సమస్య అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. సాధారణ కీబోర్డుకు విడిగా వేయని డ్రైవర్ దీనికెందుకు? వైఫై రద్దీ వల్ల కూడా అప్పుడప్పుడు ఇబ్బంది రావచ్చు, కానీ దాన్ని వెతికే ముందు ఆ పెన్‌డ్రైవ్ పీకి చూడండి.