సైనిక హెలికాప్టర్ పార్టులు తయారు చేయాలంటే: సృజన్ పోర్టల్‌లో దరఖాస్తు ఇలా

హైదరాబాద్ బాలానగర్‌లో నాలుగు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్లు పెట్టుకున్న యూనిట్ కూడా మిలిటరీ హెలికాప్టర్లకు పార్టులు చేయొచ్చు. అవసరమూ ఉంది. గాలింపు, రక్షణ పనుల్లో మన నేవీ, ఎయిర్‌ఫోర్స్ దశాబ్దాలుగా వాడుతున్న చేతక్ హెలికాప్టర్‌నే చూడండి. దాని మూల డిజైన్ ఫ్రాన్స్‌ది, మొదట ఎగిరింది 1959లో. అంత పాత మెషీన్‌కు సీళ్లు, బుష్‌లు, పైపులు బయటి నుంచి తెప్పించుకోవడం ఎంత తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఇలా దిగుమతి చేసుకుంటున్న వస్తువులను దేశంలోనే చేయించడానికి రక్షణ శాఖ 2020 ఆగస్టు 14న సృజన్ పోర్టల్ తెచ్చింది. ముందు అందులో వెండర్‌గా నమోదు కావాలి. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం), పాన్, జీఎస్టీ, మెషీన్ల జాబితా, ఉంటే ఐఎస్‌ఓ 9001 లేదా ఏఎస్ 9100 నాణ్యత సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. కమిషన్ ఇచ్చి చేయించుకునేంత పనేమీ కాదు.

తర్వాత వస్తువులు వెతకాలి. హెలికాప్టర్లు తయారు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వేటికవి తమ జాబితాలు పెడతాయి. పేరొక్కటే చూసి క్లిక్ కొట్టకండి. పార్ట్ నంబర్ ఏంటి, ఏటా ఎన్ని కావాలి అన్నవి చూడండి. ఏడాదికి పది ముక్కలే కావాలంటే డై (అచ్చు) ఖర్చు కూడా రాదు. మీ మెషీన్ల మీద అయ్యే పని అనిపిస్తేనే ఆసక్తి తెలపండి. దాంతోనే ఆర్డర్ వచ్చినట్టు కాదు. ఆ సంస్థ మీ సామర్థ్యం చూసుకున్నాక, టెండర్ దారిలోనే ముందుకెళ్తుంది. డ్రాయింగ్ ఇస్తారా, శాంపిల్ చూసి కొలతలు తీసుకోవాలా అన్నది మొదటి మాటల్లోనే తేల్చుకోండి. శాంపిల్ దారి అయితే మెటీరియల్ ఏంటో కనిపెట్టడానికే బోలెడు టైమ్ పోతుంది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఎగిరే పార్టుకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద ఉన్న సెమిలాక్ నుంచి ఎయిర్‌వర్తీనెస్ ఆమోదం, అంటే ఎగరడానికి సురక్షితమన్న ఆమోదం కావాలి. 2021లో వచ్చిన ఐఎంటీఏఆర్ అనే సైనిక ఎయిర్‌వర్తీనెస్ నిబంధనలే దీనికి ఆధారం. సెమిలాక్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. నాణ్యత తనిఖీ రక్షణ శాఖలోని డీజీఏక్యూఏ అనే విభాగానిది. చిన్న రబ్బరు సీల్ అయినా నూనెలో నానబెట్టి, వేడిలో ఉంచి పరీక్షిస్తారు.

ఇక్కడ చాలామంది దొరికిపోయేది కాగితాల దగ్గరే. స్టీల్ రాడ్ చివర హీట్ నంబర్ (ఆ లోహం ఏ బ్యాచ్‌లో కరిగించిందో చెప్పే నంబర్) గుద్ది ఉంటుంది. ఆ చివర కోసి వాడేస్తే మిగిలిన ముక్క ఏ బ్యాచ్‌దో చెప్పలేరు. కోసే ముందే ఆ నంబర్‌ను రెండో ముక్క మీదా గుద్దాలి, రిజిస్టర్‌లో రాయాలి. కొలతల్లో మైక్రాన్ తేడా లేకపోయినా, నంబర్ తెగిపోతే ఆ లాట్ పక్కన పెట్టాల్సిందే.

నా మాటకైతే, మొదటి దరఖాస్తు మనుషులను పైకి లాగే వించ్ కేబుల్‌కో, కొక్కేనికో పెట్టకండి. వేలి మందం కూడా లేని ఆ కేబుల్‌కే మనిషి వేలాడతాడు, దాని పరీక్షలు చిన్న యూనిట్ తట్టుకోలేదు. బ్రాకెట్లు, బుష్‌లు, సీళ్లతో మొదలుపెట్టండి.

టెండర్‌లో ఈఎండీ (ముందుగా కట్టే ధరావతు) మినహాయింపు కోసం ఉద్యమ్ సర్టిఫికెట్ తప్పక జతచేయండి. సరుకు అంగీకరించాక 45 రోజుల్లోపు డబ్బు రాకపోతే సూక్ష్మ, చిన్న యూనిట్లు కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.