మూడేళ్లలోపు బిడ్డ ఎదుగుదల ఆలస్యమైతే: ఆశా దగ్గర్నుంచి డీఈఐసీ దాకా

నాలుగో నెల దాటినా మెడ నిలవదు. ఏడాది వస్తున్నా పిలిస్తే తల తిప్పడు. రెండేళ్లొచ్చినా "అమ్మా రా" అని రెండు మాటలు కలపడు. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో ముందు వినిపించేది "వాళ్ల నాన్నా ఇంతే, ఆలస్యంగానే మాట్లాడాడు" అన్న మాట. ఆ తర్వాత నాలుక మీద వస అరగదీసి రాస్తారు, దిష్టి తీస్తారు. ఈలోపు ఆరు నెలలు గడిచిపోతాయి. మెదడు అన్నిటికంటే వేగంగా నేర్చుకునేది మొదటి మూడేళ్లలోనే కాబట్టి ఆ ఆరు నెలలూ తిరిగి రావు.

ఈ వయసు పిల్లలకు కావాల్సిన పరీక్షలు, థెరపీ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే కింద పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యాలను పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చూస్తారు. ఎదుగుదల ఆలస్యానికి జిల్లా స్థాయిలో ఉండేది డీఈఐసీ, జిల్లా సత్వర చికిత్స కేంద్రం. సాధారణంగా జిల్లా ఆసుపత్రి ఆవరణలోనో బోధనాసుపత్రిలోనో ఉంటుంది. హైదరాబాద్‌లో నిలోఫర్‌లో ఉంది. అక్కడికి వెళ్లడానికి జబ్బు పేరు తెలియాల్సిన పని లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. అనుమానం చాలు.

ఏ వయసులో ఏది చూడాలి

రెండు నెలలకు ముఖం చూసి నవ్వాలి. నాలుగు నెలలకు మెడ నిలవాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి, పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, "బబబ", "దదద" అనాలి. ఏడాది దాటాక కావాల్సినదాన్ని వేలితో చూపించాలి. ఏడాదిన్నరకు నడవాలి, అర్థవంతమైన మాటలు కొన్ని రావాలి. రెండేళ్లకు రెండు మాటలు సొంతంగా కలపాలి. టీవీలో విన్న రైమ్ మొత్తం అప్పజెప్పడం ఈ లెక్కలోకి రాదు. ఏబీసీడీలు చెప్పే పిల్లాడు దాహమైతే నీళ్లు అడగలేకపోతే అది మాట వచ్చినట్టు కాదు. ఏడాదిలోపే ఒక్క చేత్తోనే పని చేస్తూ రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచితే "ఎడమచేతి వాటం" అని సరిపెట్టుకోకండి. ఆ వయసుకు వాటం ఏర్పడదు. వాడని చేతి వైపు బలహీనత ఉందేమో పరీక్షించాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసు సవరించి చూడాలి. 32 వారాలకు పుట్టిందంటే 8 వారాలు ముందు వచ్చింది. ఇప్పుడు ఆరు నెలలైతే నాలుగు నెలల బిడ్డ చేసేవి చేస్తుందా అని చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కిస్తారు. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే.

రెండు సందర్భాల్లో డీఈఐసీ తేదీ కోసం కూడా ఆగకూడదు. ఒకటి, వచ్చిన మాటలు గానీ, చూపు గానీ, నడక గానీ పోవడం, ఏ వయసులోనైనా సరే. రెండోది, ముఖ్యంగా మూడు నెలల నుంచి ఏడాది లోపు కనిపించేది: నిద్ర లేవగానే బిడ్డ ఉలిక్కిపడినట్టు ఒక్కసారిగా ముందుకు ముడుచుకుపోయి, చేతులు చాచి, వదిలేసి, కొన్ని సెకన్లకోసారి వరసగా అలాగే చేయడం. దీన్ని కడుపునొప్పి అనుకుంటారు. ఇది ఫిట్స్‌లో ప్రమాదకరమైన రకం కావచ్చు. ఫోన్లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

దారి ఎక్కడ తెగిపోతుంది

కాగితం మీద వ్యవస్థ బాగానే ఉంది. ఆసుపత్రిలో ప్రసవమైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు రావాలి. ఆరు వారాల నుంచి ఆరేళ్ల దాకా ఆర్‌బీఎస్‌కే బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలో పరీక్షించాలి. అయితే మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. అక్కడి ఆశా మూడో నెల దాకా చూస్తుంది, తల్లి అయిదో నెలలో అత్తగారింటికి వెళ్తుంది, అక్కడి ఆశా రిజిస్టర్‌లో బిడ్డ పేరే ఉండదు. రెండూళ్ల మధ్య బిడ్డ జారిపోతుంది. ఊరు మారిన వారంలోనే మాతా శిశు సంరక్షణ కార్డు తీసుకెళ్లి కొత్త ఊరి ఏఎన్‌ఎం దగ్గర, అంగన్‌వాడీలో పేరు రాయించండి.

మూడేళ్లలోపు పిల్లలు రోజూ అంగన్‌వాడీకి రారు. బాలామృతం తీసుకోవడానికి తల్లి ఒక్కతే వెళ్తుంది. బృందం వచ్చిన రోజు అక్కడున్న పిల్లలనే చూసి వెళ్లిపోతారు. వాళ్లెప్పుడు వస్తారో టీచర్‌ను ముందే అడిగి పెట్టుకుని, ఆ రోజు బిడ్డను ఎత్తుకెళ్లాలి. అంత దాకా ఆగలేకపోతే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌తో రెఫరల్ చీటీ రాయించుకోండి, లేదా నేరుగా డీఈఐసీకే వెళ్లండి. "చూద్దాం, ఇంకో మూడు నెలలాగి రండి" అని ఎవరైనా అంటే, ఆ మాటనే కార్డు మీద తేదీతో రాయమని అడగండి. అడిగితే చాలాసార్లు చీటీయే రాస్తారు.

ఎస్‌ఎన్‌సీయూ (అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక చికిత్స వార్డు)లో ఉండి వచ్చిన పిల్లలు, పుట్టగానే ఏడవనివాళ్లు, రెండు కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్లు, పసిరికలు (పచ్చకామెర్లు) ముదిరి రక్తం మార్చినవాళ్లు, తొలి రోజుల్లో ఫిట్స్ వచ్చినవాళ్లు ఏ లక్షణమూ కనిపించకపోయినా ఫాలోఅప్‌కు వెళ్లాలి.

వెళ్లేటప్పుడు

మాతా శిశు కార్డు, ఎస్‌ఎన్‌సీయూ డిశ్చార్జి సమ్మరీ, ఇంతవరకు చేసిన పరీక్షల కాగితాలు, తల్లిదండ్రుల్లో ఒకరి ఆధార్ తీసుకెళ్లండి. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ కింద పంపుతారు కాబట్టి రేషన్ కార్డు కూడా. బిడ్డ ఇంట్లో ఎలా ఉంటుందో చూపే నాలుగైదు చిన్న వీడియోలు ఈ కాగితాలన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి: తింటున్నప్పుడు, ఆడుతున్నప్పుడు, పిలిచినప్పుడు. కొత్తచోట బిడ్డ ఏడుస్తుంటే డాక్టర్‌కు ఏదీ కనపడదు. ఉదయం ఓపీ వేళకే చేరండి, పాలు పట్టి తీసుకెళ్లండి. బిడ్డను రోజంతా చూసుకునే మనిషి తప్పక వెళ్లాలి; నానమ్మే చూసుకుంటుంటే నానమ్మ.

డీఈఐసీలో పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్టు, వినికిడి-మాట నిపుణులు, సైకాలజిస్టు, కంటి పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, సోషల్ వర్కర్ ఉండాలి. అన్నిచోట్లా అన్ని పోస్టులూ నిండి ఉండవు. మీకు కావాల్సిన నిపుణులు లేకపోతే "ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు, చీటీ రాయండి" అని అక్కడే తేల్చుకుని కదలండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ (బుద్ధి వైకల్యాల జాతీయ సంస్థ)లో, నెల్లూరులోని సీఆర్‌సీ (దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం)లో ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో కేంద్ర ప్రభుత్వం సత్వర చికిత్స కేంద్రాలు తెరిచింది.

రెండున్నరేళ్లలోపు పిల్లలకు దాసీ అనే పరీక్ష చేసి డీక్యూ అనే అంకె చెబుతారు. బిడ్డ పనితీరు ఏ వయసుకు సరిపోతుందో దాన్ని అసలు వయసుతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చేది అది. 20 నెలల బిడ్డ 12 నెలల బిడ్డలా చేస్తే 60. 70 కంటే తగ్గితే ఆలస్యం అంటారు. ఇది ఈనాటి స్థితి చెప్పే అంకె, జాతకం కాదు; థెరపీ మొదలయ్యాక మళ్లీ కొలుస్తారు.

వినికిడి, చూపు, థైరాయిడ్: ముందు ఇవి

మాట రాలేదని స్పీచ్ థెరపీ మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష జరిగి తీరాలి. పళ్లెం కింద పడితే ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి వినపడుతోంది అనుకోవద్దు. పెద్ద శబ్దం విని, మాటలు వినపడని పిల్లలున్నారు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మెషీన్ అన్నది పాటించాల్సిన లెక్క. ఓఏఈ అనే చిన్న పరీక్ష లోపలి చెవిని మాత్రమే చూస్తుంది. ఎస్‌ఎన్‌సీయూలో ఉన్నవాళ్లకు, పసిరికలు ముదిరినవాళ్లకు అది పాసైనా చెవి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని చూసే బెరా పరీక్ష చేయించాలి, ఎందుకంటే లోపం నరంలో ఉండొచ్చు. బెరా నిద్రలో చేస్తారు. ఆ రోజు బిడ్డను తెల్లవారుజామునే లేపి, బస్సులో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, అక్కడ పాలు పట్టి పడుకోబెట్టాలి. దారిలో కునుకు తీసి, పరీక్ష వేళకు హుషారుగా లేచి కూర్చోవడం వల్లే చాలా తేదీలు వృథా అవుతాయి. మత్తు మందు అవసరమైతే అక్కడి డాక్టరే ఇవ్వాలి, ఇంటి దగ్గర పట్టి తీసుకెళ్లకూడదు.

34 వారాల లోపు లేదా రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోగా కంటి వెనక రెటీనా చూడాలి. మరీ ముందుగా, 28 వారాల లోపు పుడితే రెండు మూడు వారాలకే. కన్ను పైకి మామూలుగానే కనిపిస్తుంది. ఆలస్యమైతే చూపు పూర్తిగా పోవచ్చు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేశారో లేదో డిశ్చార్జి కాగితంలో వెతకండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంటే మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే బుద్ధి మాంద్యాన్ని దాదాపు పూర్తిగా ఆపవచ్చు.

ఇంట్లో చేసేదే అసలు థెరపీ

కేంద్రంలో దొరికేది వారానికి ఒకటి రెండు సెషన్లు. దాంతో కండరాలు, మాటలు మారవు. ఆ గంట మీరు నేర్చుకోవడానికి. థెరపిస్టు చేస్తుంటే చూసి రావద్దు. మీ చేత చేయించమనండి, తప్పులు దిద్దించుకోండి, వీడియో తీసుకోవచ్చా అని అడగండి. నాలుగైదు వ్యాయామాలు చెబితే అందులో రెండు ముఖ్యమైనవి ఏవో అడిగి, వాటిని స్నానం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడంలో కలిపేయండి. గంట పక్కన పెట్టి చేద్దామనుకుంటే వారం తర్వాత ఆగిపోతుంది.

మెడ నిలవని బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం వెంటనే మానాలి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాటిమాటికీ వచ్చే నిమోనియాకు ఇదొక కారణం. తల, వీపు నిటారుగా ఆనించి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, చెంచాతో కొద్దికొద్దిగా, మింగాక మళ్లీ పెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు పలుమార్లు మూడు నాలుగు నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. మొదట తల్లి గుండెల మీదైనా సరే. వాకర్ నడక నేర్పదు, మునివేళ్ల మీద తోసుకోవడం అలవాటు చేస్తుంది. నూనె మర్దన చేసుకోండి, మంచిదే, కానీ బిగిసిన కాళ్లను బలవంతంగా లాగొద్దు.

మాటకైతే బిడ్డ కళ్ల ఎత్తులో కూర్చుని, బిడ్డ చూస్తున్న వస్తువు పేరే చెప్పి, పది సెకన్లు ఆగండి. ఆ ఆగడమే అందరికీ కష్టం. అడగకముందే అందించేస్తే అడగాల్సిన పని బిడ్డకు ఉండదు. ఫోన్, టీవీ రెండేళ్ల దాకా వద్దు. బడిలో ఇంగ్లిషే కదా అని ఇంట్లో తెలుగు ఆపేసి రాని ఇంగ్లిషులో మాట్లాడితే బిడ్డకు దొరికే మాటలు తగ్గిపోతాయి. ఇక ఆటిజానికి, సెరిబ్రల్ పాల్సీకి (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) స్టెమ్ సెల్ ఇంజెక్షన్లంటూ లక్షలు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. అది ఆమోదం పొందిన చికిత్స కాదు.

సర్టిఫికెట్, ఆ తర్వాత

వైకల్య సర్టిఫికెట్ లేకపోవడం థెరపీకి అడ్డు కాదు. బస్సు రాయితీ, ఇతర పథకాల కోసమే అది, వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. మనకు సదరం పేరుతో అలవాటైన ఈ పని ఇప్పుడు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్ ద్వారా జరుగుతోంది. బుద్ధి ఎదుగుదల విషయంలో ఏడాది నిండాకే ఇస్తారు. అయిదేళ్లలోపు "గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే" (అన్ని రకాల ఎదుగుదలలోనూ ఆలస్యం) అని తాత్కాలికంగా రాస్తారు, గరిష్ఠంగా మూడేళ్లు లేదా బిడ్డకు అయిదేళ్లు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. గడువు తేదీని ఫోన్లో పెట్టుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, బహుళ వైకల్యాలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది.

మూడేళ్లు నిండగానే బిడ్డను అంగన్‌వాడీకి పంపండి. దివ్యాంగ పిల్లలను చేర్చుకుని చూసుకునే తీరు మీద 2023 నవంబరులో కేంద్రం అంగన్‌వాడీలకు ప్రోటోకాల్ ఇచ్చింది, కాబట్టి "మా వల్ల కాదు" అంటే సూపర్‌వైజర్‌ను, సీడీపీఓను అడగవచ్చు. బడి వయసు దగ్గరపడుతుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీ టీచర్‌ను (ఆ పిల్లలకు చెప్పే టీచర్) కలిసి, డీఈఐసీ ఫైలు జిరాక్సు ఇచ్చి పేరు రాయించండి. డీఈఐసీ నుంచి ఆ ఫైలు తనంతట తాను అక్కడికి వెళ్లదు.