‘రన్’ అంటే పరుగు ఒక్కటే కాదు: ఒక ఇంగ్లిష్ మాటకున్న అర్థాలన్నీ పట్టుకోవడం ఎలా?

ఇంగ్లిష్‌లో నోరు తిరగని పెద్ద మాటలతో నిజానికి పెద్ద బాధ లేదు. ‘ఫోటోసింథసిస్’ అంటే కిరణజన్య సంయోగక్రియ, అక్కడితో సరి. ఏడిపించేవన్నీ చిన్న తరగతుల్లోనే వచ్చేసే పొట్టి మాటలు: గెట్, టేక్, సెట్, రన్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ క్రియకు 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత సవరణలో ‘రన్’ దాన్ని దాటేసింది, ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. అన్నీ ఎవరికీ అక్కర్లేదు. ఉద్యోగానికి, పోటీ పరీక్షలకు, రోజువారీ మాటలకు ఓ పాతిక వస్తే చాలు. ఆ పాతికను ఎలా పట్టుకోవాలో ‘రన్’తో చూద్దాం. మిగతా పొట్టి మాటలకూ ఇదే దారి.

ముందు ఏం కావాలి?

ఒక రూళ్ల నోటు పుస్తకం, రోజుకు ఇరవై నిమిషాలు, ఒక మంచి లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఏదో ఒకటి చాలు. జేబులో పట్టే ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుని మొదలుపెడితే పని జరగదు. అందులో ‘పరుగెత్తు, ప్రవహించు, నడుపు, వ్యాపించు’ అని కామాలు పెట్టి వరసగా ఇచ్చేస్తారు. ఎక్కడ ఏది వాడాలో చెప్పరు. తెలుగు మాట కోసం తడుముకునేటప్పుడు ఆంధ్రభారతి సైట్‌లో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు చూడొచ్చు. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది కాబట్టి అందులోని తెలుగు కొంత పాతగా ఉంటుంది. అయినా క్రియలకు మంచి నుడికారం దొరుకుతుంది.

1. మాట రూపాలు సరిచూసుకోండి

రన్, ర్యాన్, రన్. మూడో రూపం మళ్లీ ‘రన్’ అన్నది చాలామంది మరిచిపోతారు. ‘హి హాజ్ ర్యాన్’ తప్పు, ‘హి హాజ్ రన్’ ఒప్పు. ‘రన్నింగ్’ రాసేటప్పుడు ఎన్ అక్షరం రెండుసార్లు రావాలి.

తర్వాత అది వాక్యంలో క్రియా, నామవాచకమా, విశేషణమా చూడండి. క్రికెట్ రన్ నామవాచకం. ‘ట్రయల్ రన్’, ‘ఇన్ ద లాంగ్ రన్’ కూడా అంతే. డిపాజిటర్లంతా భయపడి డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడితే ‘ఎ రన్ ఆన్ ద బ్యాంక్’ అంటారు. ‘త్రీ డేస్ రన్నింగ్’ అంటే వరసగా మూడు రోజులు. ఇక్కడ ‘రన్నింగ్’ రోజుల తర్వాతే రావాలి, ముందుకు తెస్తే అర్థం చెడుతుంది. నోటు పుస్తకంలో నామవాచకాలకు ఒక పేజీ, క్రియకు నాలుగు పేజీలు కేటాయించండి. బరువంతా క్రియ మీదే ఉంది.

2. చేసేదెవరో, దేన్ని చేస్తున్నారో చూడండి

అసలు కిటుకు ఇదే. ‘రన్’ అర్థం ‘రన్’లో లేదు, పక్కనున్న మాటల్లో ఉంది. కర్త ఏమిటి, కర్మ ఉందా లేదా, ఉంటే ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే నూటికి తొంభై చోట్ల అర్థం తేలిపోతుంది.

కర్మ లేకుండా వస్తే ఇలా ఉంటుంది. కర్త మనిషో జంతువో అయితే పరుగెత్తడం. బస్సో రైలో అయితే నడవడం: ‘ద బస్ రన్స్ ఎవ్రీ హాఫ్ అవర్’. యంత్రమైతే పనిచేయడం, తిరగడం. ముక్కైతే కారడం, నది అయితే పారడం. రోడ్డో గోడో అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి సాగడం: ‘ద రోడ్ రన్స్ అలాంగ్ ద కెనాల్’, రోడ్డు కాలువ వెంబడే పోతుంది. సినిమా అయితే ఆడటం: ‘ద ఫిల్మ్ ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్’. జబ్బో, గుణమో అయితే వంశంలో ఉండటం: ‘డయాబెటిస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’.

కర్మతో వస్తే వేరే లోకం. ‘రన్ ఎ షాప్’ అంటే దుకాణం నడపడం. ‘రన్ ఎ టెస్ట్’ పరీక్ష చేయడం, ‘రన్ ఎ ప్రోగ్రామ్’ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఆడించడం. ‘రన్ ఎ స్టోరీ’ అంటే పత్రిక వార్త వేయడం. ‘రన్ ఎ ఫీవర్’ జ్వరంతో ఉండటం, ‘రన్ ఎ రిస్క్’ ముప్పుకు సిద్ధపడటం. ‘రన్’ తర్వాత విశేషణం వస్తే ‘ఆ స్థితికి చేరడం’ అని అర్థం. ‘ద వెల్ హాజ్ రన్ డ్రై’ అంటే బావి ఎండిపోయింది. ‘సప్లైస్ ఆర్ రన్నింగ్ లో’ అంటే సరుకులు అడుగంటుతున్నాయి.

ఎన్నికల్లో పోటీ చేయడానికి అమెరికాలో ‘రన్ ఫర్’, బ్రిటన్‌లో ‘స్టాండ్ ఫర్’ అంటారు. మన పత్రికలు ‘కాంటెస్ట్’ వాడతాయి.

చీర రంగు సంగతి కాస్త ఆగి చూడాలి. రంగు దిగినా, వెలిసినా మనం ‘రంగు పోయింది’ అనేస్తాం. ఉతికినప్పుడు రంగు దిగి పక్క బట్టలకో, చీరలోనే అంచు నుంచి ఒంటికో అంటుకుంటే ‘ద కలర్ హాజ్ రన్’. ఎండకో, వాడకానికో వెలిసిపోతే ‘ద కలర్ హాజ్ ఫేడెడ్’. ఆన్‌లైన్‌లో కొన్న చీరను తిప్పి పంపుతూ కారణం రాసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే అవతలివాళ్లకు ఫిర్యాదే అర్థం కాదు. అదే చీర వివరాల్లో కనిపించే ‘రన్నింగ్ బ్లౌజ్’ మన దేశపు వాడుక, చీరతో కలిపి నేసి వచ్చే జాకెట్టు ముక్క అని. మన దగ్గర ఎవరికైనా తెలుస్తుంది. లండన్ షాపులో మాత్రం వివరించి చెప్పాల్సిందే.

3. ఇంగ్లిష్ పరుగెత్తినచోట తెలుగు నడుస్తుందని గుర్తుపెట్టుకోండి

స్టేషన్‌లో ప్రకటన వినండి. ఇంగ్లిష్‌లో ‘రన్నింగ్ లేట్’ అంటారు, తెలుగులో ‘ఆలస్యంగా నడుస్తున్నది’ అంటారు. ఇంగ్లిష్‌వాళ్లు ‘రన్’ వాడే చాలాచోట్ల మనకు ‘నడుచు, నడుపు’ సరిగ్గా సరిపోతుంది: బస్సు, బడి, హోటలు, సంసారం, ప్రభుత్వం. మిగిలినవాటికి ఆడు, పారు, కారు, దిగు, అయిపోవు. ఈ ఏడెనిమిది తెలుగు క్రియలను నోటు పుస్తకంలో శీర్షికలుగా రాసుకుని, ఒక్కోదాని కింద ఇంగ్లిష్ జంటమాటలు చేర్చండి. వట్టి ‘రన్’ అని ఎక్కడా రాయొద్దు. ‘రన్ ఎ షాప్’, ‘ద నోజ్ రన్స్’ అని జంటగానే రాయండి.

అయితే ఈ దారి ఒకవైపే తెరుచుకుంటుంది. తెలుగులో ‘నడుపు’ ఉంది కదా అని ఇంగ్లిష్‌లో ‘రన్’ పెడితే బోల్తా పడతాం. ఎక్కువగా దొర్లే తప్పులివి:

‘ఐ యామ్ రన్నింగ్ ద కార్’ అంటే కారు నడుపుతున్నానని కాదు. దానికి ‘డ్రైవింగ్’ అనాలి. బ్రిటిష్ వాడుకలో ‘రన్ ఎ కార్’ అంటే సొంత కారు ఉంచుకుని దాని ఖర్చులు భరించడం.

‘హి ఈజ్ రన్నింగ్ ట్వంటీ’. ‘ఇరవయ్యో ఏడు నడుస్తోంది’ అనే మన మాటను అలాగే దించేయడం ఇది. ‘హి ఈజ్ నైన్‌టీన్’ అంటే సరిపోతుంది.

‘క్లాసెస్ ఆర్ రన్నింగ్’ అని మన కాలేజీల్లో తరచూ వినిపిస్తుంది. ‘ఇప్పుడు క్లాసు జరుగుతోంది’ అని చెప్పాలంటే ‘ద క్లాస్ ఈజ్ ఆన్’ సహజం. ‘వియ్ రన్ ఈవెనింగ్ క్లాసెస్’ మాత్రం బాగుంటుంది, ఎందుకంటే అక్కడ నడిపేవాళ్లు ఉన్నారు.

‘డోంట్ గెట్ ఇంటు ద రన్నింగ్ బస్’. కదిలే బస్సుకు ‘మూవింగ్ బస్’ అనాలి. తెలుగులో మాట్లాడుతూ ‘రన్నింగ్‌లో బస్సెక్కకు’ అంటే ఇబ్బందేమీ లేదు, అది మన మాటైపోయింది.

4. వెంట తోకమాట ఉంటే వేరుగా నేర్చుకోండి

‘రన్’ పక్కన అవుట్, ఇంటు, ఓవర్, డౌన్ లాంటి చిన్న మాట చేరితే పాత అర్థంతో సంబంధం దాదాపు తెగిపోతుంది. వీటికి నోటు పుస్తకంలో విడిగా ఒక పేజీ పెట్టండి. ఎక్కువ పనికొచ్చేది ‘రన్ అవుట్’, ఎక్కువ తప్పులు పడేదీ అదే. మనిషి కర్త అయితే ‘ఆఫ్’ కావాలి: ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’. పాలే కర్త అయితే ‘ఆఫ్’ ఉండదు: ‘ద మిల్క్ హాజ్ రన్ అవుట్’. ‘మిల్క్ ఈజ్ రన్ అవుట్’ తప్పు. అది విన్నవాళ్లకు పాలు క్రికెట్‌లో రనౌట్ అయినట్టు తోస్తుంది.

‘రన్ ఇంటు’కు మూడు అర్థాలు: అనుకోకుండా ఎదురుపడటం, ఢీకొనడం, ఒక మొత్తాన్ని చేరడం. బజార్లో పాత టీచర్ కనిపిస్తే ‘ఐ ర్యాన్ ఇంటు మై ఓల్డ్ టీచర్’ అనొచ్చు. మీరు బండి మీద ఉంటే మాత్రం ‘మెట్’ అనండి, లేకపోతే గుద్దేశారనుకుంటారు. ‘రన్ ఓవర్’ వాహనం మనిషి మీద నుంచి పోవడం, సమావేశం అనుకున్న సమయం దాటడం. ‘రన్ డౌన్’ బ్యాటరీ దిగిపోవడం, ఒకరిని చిన్నబుచ్చి మాట్లాడటం. ‘రన్ త్రూ’ ఒకసారి గబగబా చూసుకోవడం. ‘రన్ అప్’ బిల్లు పెంచుకుంటూ పోవడం. ‘రన్ అవే’ పారిపోవడం. ఈ ఏడూ వస్తే మిగతావి చదువుతుంటే వాటంతటవే వస్తాయి.

5. పర్యాయపదాలను మార్చి పెట్టి చూడండి

పర్యాయపదాలంటే మనకు అమరకోశం, ఆంధ్ర నామ సంగ్రహం లాంటివి వల్లెవేసే అలవాటు ఉంది. ఒక అర్థానికి పది పేర్లు, ఏదైనా పద్యంలో పడుతుంది. ఇంగ్లిష్ థిసారస్‌ను, అంటే పర్యాయపదాల నిఘంటువును కూడా అలాగే వాడితే దెబ్బతింటాం. 1852లో వచ్చిన రోజెట్ థిసారస్ దగ్గర్నుంచి ఇప్పటి వెబ్‌సైట్ల దాకా మాటల్ని గుంపుగా పెడతాయి గాని, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టొచ్చని హామీ ఇవ్వవు.

అందుకని ముందు అర్థాన్ని ఎంచుకోండి, తర్వాతే పర్యాయపదం వెతకండి. పరుగు అర్థంలో ‘స్ప్రింట్’ కొద్ది దూరం శక్తికొద్దీ పరుగెత్తడం, ‘జాగ్’ వ్యాయామానికి నింపాదిగా, ‘డాష్’ ఏదో అవసరం వచ్చి ఒక్క ఉరుకు. నడపడం అర్థంలో ‘మేనేజ్’, ‘ఆపరేట్’, ‘అడ్మినిస్టర్’ ఉన్నాయి. ‘షి రన్స్ ఎ హోటల్’ అంటే హోటల్ ఆమెదైనా కావచ్చు, జీతానికి చూసుకుంటున్నా కావచ్చు. ‘షి మేనేజెస్ ఎ హోటల్’ అనగానే మేనేజర్ ఉద్యోగం ముందు గుర్తొస్తుంది. ‘ఆపరేట్’ కంపెనీ కాగితాల భాష. ‘అడ్మినిస్టర్’ ట్రస్టులకు, నిధులకు. కిరాణా కొట్టుకు పెడితే నవ్వుతారు. పనిచేయడం అర్థంలో ‘వర్క్’, ‘ఫంక్షన్’. ద్రవాలకు ‘ఫ్లో’, ‘ట్రికిల్’, ‘లీక్’.

సరిచూడటం సులువే. మీ నోటు పుస్తకంలోని మూడు జంటలు తీసుకుని ‘రన్’ తీసేసి కొత్త మాట పెట్టండి. నదికి ‘ఫ్లోస్’ చక్కగా కుదురుతుంది. కొళాయి నుంచి నీళ్లు ‘ఫ్లో’ కావడమూ సరే. ముక్కు ‘ఫ్లో’ కాదు, ‘ఫ్లోయింగ్ నోజ్’ ఎవరూ అనరు. అనుమానం వస్తే లెర్నర్స్ డిక్షనరీలో ఆ కొత్త మాట కింద ఉదాహరణ వాక్యాలు చూడండి. అక్కడ అలాంటి జంట కనిపించకపోతే ‘రన్’నే ఉంచేయండి. పొట్టి మాట వాడటం తక్కువతనమేమీ కాదు. పెద్ద మాట కోసం పాకులాడి తప్పు రాయడమే పరీక్షలో మార్కులు పోగొడుతుంది.

6. రాసి, మూసి, మళ్లీ చెప్పుకోండి

రోజుకు మూడు జంటలకు మించి ఎక్కించొద్దు. ఒక్కోదానికి మీ ఇంటికో, ఆఫీసుకో సంబంధించిన వాక్యం ఒకటి సొంతంగా రాయండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఇంగ్లిష్ వైపు చేత్తో మూసి, తెలుగు చూసి చెప్పండి. తప్పిన వాటికి మాత్రం గుర్తు పెట్టండి. ఎనిమిది తొమ్మిది రోజుల్లో పాతిక జంటలు ఎక్కుతాయి. అవి నిలబడటానికి నెల పడుతుంది.

ముందు కింది వాక్యాలు ప్రయత్నించి చూడండి. అన్నిచోట్లా ‘రన్’ రాదు.

ఇంట్లో గ్యాస్ అయిపోయింది.
మా ఊరికి రోజుకు రెండు బస్సులే ఉన్నాయి.
పిల్లాడికి రెండు రోజులుగా ముక్కు కారుతోంది.
ఖర్చు లక్షల్లోకి పోయింది.
మా అన్నయ్యకు బండి నడపడం రాదు.
ఆవిడ కడపలో మెస్ నడుపుతోంది.

జవాబులు: ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్.’ ‘ఓన్లీ టూ బసెస్ ఎ డే రన్ టు అవర్ విలేజ్.’ ‘ద చైల్డ్స్ నోజ్ హాజ్ బీన్ రన్నింగ్ ఫర్ టూ డేస్.’ ‘ద కాస్ట్ ర్యాన్ ఇంటు లాక్స్.’ అయిదోదానికి రన్ పనికిరాదు, మోటారు సైకిలైతే ‘రైడ్’, కారైతే ‘డ్రైవ్’. ఆరోదానికి ‘షి రన్స్ ఎ మెస్’ అంటే మన దేశంలో చెల్లుతుంది. బయటివాళ్లకు రాసేటప్పుడు ‘ఎ స్మాల్ ఈటరీ’ అనండి, ఎందుకంటే వాళ్లకు ‘మెస్’ అనగానే గందరగోళమే తోస్తుంది.