‘పుట్ ఆఫ్’ను ఎప్పుడు, ఎలా వాడాలి?

హైదరాబాద్ ఇళ్లలో ‘ఫ్యాన్ పుట్ ఆఫ్ చెయ్యి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది కనుక, ఈ క్రియకు ‘ఆపడం’ అనే అర్థమే మనసులో నాటుకుపోతుంది. ఆ వాడుక పూర్తిగా తప్పు కాకపోయినా పాతబడింది. ఫ్యానుకూ లైటుకూ ‘టర్న్ ఆఫ్’ లేదా ‘స్విచ్ ఆఫ్’ అనడం మేలు.

నేటి ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’కు ప్రధానార్థం వాయిదా వేయడం. మాదాపూర్ ఆఫీసులో సోమవారం జరగాల్సిన మీటింగును గురువారానికి మార్చితే ‘వుయ్ పుట్ ఆఫ్ ద మీటింగ్ అంటిల్ థర్స్‌డే’ అనాలి; భూతకాలంలోనూ ‘పుట్’ రూపం మారదు. మీటింగు వంటి నామవాచకం ‘ఆఫ్’కు ముందైనా వెనకైనా రావచ్చు గానీ, ‘ఇట్’ వంటి సర్వనామం మాత్రం నడుమనే ఉండాలి కనుక ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒప్పు, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. నా దృష్టిలో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తర్వాత మరో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేర్చాలి: ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్.’

మీటింగు అసలే రద్దయితే అది ‘కాల్ ఆఫ్’ అవుతుంది.

ఏవగింపు కలిగించడం మరో అర్థం: ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకు తినబుద్ధి కాలేదని.